వర్డ్ ప్రాసెసర్‌లో జాబితాల అమరిక: దోషాలు, సవరణలు

వర్డ్ ప్రాసెసర్‌లో తయారైన పత్రంలో అంశాలను ఒకదాని కింద ఒకటిగా, ముందు అంకెతోనో అక్షరంతోనో చుక్కతోనో చూపే పేరాల వరుసను జాబితా అంటారు. అంకెలుంటే నంబరింగ్ జాబితా, చుక్కలుంటే బుల్లెట్ జాబితా, ఒక అంశం కింద ఉపాంశాలు, వాటి కింద మరికొన్ని ఉంటే బహుళస్థాయి జాబితా. ప్రశ్నపత్రం, ప్రభుత్వ ఉత్తర్వు, అద్దె ఒప్పందం, సంఘం నియమావళి, పరిశోధన గ్రంథం, ఇవేవీ జాబితా లేకుండా సాగవు. వీటిలో అంకె తప్పితే అర్థమే తప్పుతుంది. ‘7వ షరతు ప్రకారం అడ్వాన్సు తిరిగి చెల్లించాలి’ అని రాసుకున్న తర్వాత పైన ఒక కొత్త షరతు చేరి 7వది 8వది అయితే, సంతకాలు పడిన కాగితం వేరే మాట చెబుతుంది.

జాబితాల్లో కనిపించే దోషాలు చాలా రకాలు. అంకెలు మధ్యలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, ఆగాల్సిన చోట ఆగకుండా కొనసాగుతాయి, చుక్క బదులు ఖాళీ గడి కనిపిస్తుంది, అంశాలు ఒక వరుసలో నిలవవు. చాలావాటి మూలం మాత్రం ఒకటే. తెరపై కనిపించే అంకెను ఎవరూ టైపు చేయలేదు. పేరాకు ఉన్న ఒక గుణాన్ని చూసి ప్రోగ్రామ్ అప్పటికప్పుడు లెక్కకట్టి దాన్ని చూపిస్తోంది. కర్సర్ అంకె లోపలికి వెళ్లకపోవడానికీ, దాన్ని దిద్దబోతే వరుస మొత్తం కదలడానికీ కారణం ఇదే. కాబట్టి సవరణ కూడా ఆ లెక్క పుట్టేచోటే జరగాలి.

చరిత్ర

టైపురైటర్ మీద అంకె కూడా ఒక అక్షరమే. మధ్యలో ఒక అంశం చేర్చాలంటే ఆ పేజీని మళ్లీ కొట్టాల్సిందే. ఈ శ్రమను కంప్యూటర్ ఎలా తీర్చగలదో లోకానికి మొదట చూపినవారిలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒకరు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో తన ఎన్‌ఎల్‌ఎస్ వ్యవస్థను ప్రదర్శిస్తూ ఆయన తెరపై ఇంటి సరుకుల జాబితా తీశారు. సరుకులను రకాలవారీగా విడదీసి, ఉపాంశాలను ముడిచి, విప్పి, క్రమం మార్చి చూపించారు. ఆ వ్యవస్థలో ప్రతి వాక్యానికీ 1, 1ఎ, 1ఎ1 అన్న తీరులో స్థానసంఖ్య ఉండేది. స్థానం మారితే సంఖ్య దానంతటదే మారేది.

తర్వాత వచ్చిన ప్రోగ్రాములు రెండు దారులు పట్టాయి. లెస్లీ లాంపోర్ట్ 1980లలో రూపొందించిన లేటెక్‌లోనూ, వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లోనూ జాబితాకు స్పష్టమైన ఆది, అంతం ఉంటాయి. ‘ఇక్కడ జాబితా మొదలు’, ‘ఇక్కడితో సరి’ అని రచయితే గుర్తులు పెడతాడు. 1983లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్డ్ పేరాను మూల ప్రమాణంగా తీసుకుంది. అందులో జాబితాకు గోడలు లేవు. ‘నేను ఫలానా జాబితాకు చెందినవాణ్ని, ఫలానా స్థాయిలో ఉన్నాను’ అని ఏ పేరాకు ఆ పేరా చెప్పుకుంటుంది. రాసుకుంటూ పోయేవారికి ఈ పద్ధతి సులువు. ఒక పేరా తప్పు చెప్పినా, చెప్పడం మానేసినా వరుస చెదరడమే దీనిలోని చిక్కు. వర్డ్‌పర్‌ఫెక్ట్ అనే మరో ప్రోగ్రామ్ వాడేవారికి ‘రివీల్ కోడ్స్’ అనే కిటికీలో అమరిక సంకేతాలన్నీ బయటికి కనిపించేవి. దోషం ఏ సంకేతం దగ్గర పుట్టిందో కంటితో చూసి తీసేయగలిగేవారు.

2007 నుంచి వర్డ్ పత్రాలు డాక్స్ (.docx) రూపంలో భద్రమవుతున్నాయి. దాని ప్రమాణం 2006లో ఎక్మా-376గా, 2008లో ఐఎస్‌ఓ/ఐఈసీ 29500గా వెలువడింది. లిబ్రేఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ ప్రమాణం 2006లో ఐఎస్‌ఓ/ఐఈసీ 26300 అయింది. ఓపెన్‌డాక్యుమెంట్‌లో అంశాలు జాబితా అనే మూలకం లోపల ఇమిడి ఉంటాయి. డాక్స్‌లో అలాంటి మూలకం లేదు. ఒక ప్రోగ్రామ్‌లో చేసిన జాబితా మరొకదానిలో తెరిస్తే అప్పుడప్పుడు చెదిరిపోవడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

లోపలి నిర్మాణం

డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. దాన్ని విప్పితే పత్రంలోని మాటలు ఒక ఫైలులో, స్టైళ్లు ఇంకో ఫైలులో, నంబరింగ్ నిర్వచనాలు వేరే ఫైలులో కనిపిస్తాయి. నంబరింగ్ ఫైలులో రెండు అంచెలు ఉంటాయి. మొదటిది నమూనా. ఏ స్థాయిలో ఏ రకం అంకె, ఎంత ఇండెంట్, అంకె తర్వాత ట్యాబా ఖాళీయా అన్నవన్నీ అందులో ఉంటాయి. ఒక్కో నమూనాలో తొమ్మిది స్థాయిల వరకు ఉండవచ్చు. రెండోది ఆ నమూనాను వాడుకునే జాబితా సంఖ్య. మాటల ఫైలులోని పేరాలో ఉండేది జాబితా సంఖ్య, స్థాయి మాత్రమే. ‘3.’ అన్న అంకె అక్కడ ఎంత వెతికినా దొరకదు.

పత్రం తెరిచినప్పుడల్లా ప్రోగ్రామ్ పై నుంచి కిందికి చదువుతూ, ఒకే నమూనాకు చెందిన పేరాలను లెక్కపెట్టుకుంటూ పోతుంది. రెండు జాబితాలు ఒకే నమూనా మీద ఆధారపడితే రెండోది మొదటిదాని లెక్కనే కొనసాగిస్తుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలవ్వాలంటే ‘ఇక్కడ 1 నుంచి’ అనే ప్రత్యేక ఆదేశం ఉండాలి. మెనూలోని ‘రీస్టార్ట్ ఎట్ 1’ చేసే పని ఈ ఆదేశాన్ని చేర్చడమే.

పేరా గుణాలన్నీ పేరా చివరి గుర్తులో నిక్షిప్తమై ఉంటాయి. మామూలుగా కనిపించని ఈ గుర్తును కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలు కలిపి నొక్కితే చూడవచ్చు. జాబితా అంకె ఏ రంగులో, ఏ సైజులో, ఎంత మందంగా ఉండాలన్నదీ చాలావరకు ఈ గుర్తునుంచే వస్తుంది. వాక్యమంతా మామూలుగా ఉండి అంకె ఒక్కటే ఎర్రగానో బోల్డ్‌గానో కనిపిస్తే, దిద్దాల్సింది పేరా చివరి గుర్తును. దాన్ని మాత్రమే ఎంచుకుని బోల్డ్ తీసేస్తే అంకె దారికి వస్తుంది.

సాధారణ దోషాలు, సవరణలు

అంకెలు తెగిపోవడం లేదా ఆగకపోవడం. అన్నిటికన్నా తరచుగా ఎదురయ్యే దోషం ఇది. గణితం ప్రశ్నపత్రం టైపు చేస్తున్నారనుకుందాం. 3వ ప్రశ్న కింద ఒక పటం, దాని కింద రెండు వాక్యాల వివరణ రావాలి. ఎంటర్ నొక్కగానే ‘4.’ వస్తుంది. అది వద్దు కాబట్టి బ్యాక్‌స్పేస్‌తో తీసేసి పటం పెడతారు, వివరణ రాస్తారు. ఆ తర్వాతి ప్రశ్నకు నంబరింగ్ బటన్ మళ్లీ నొక్కితే 4 బదులు 1 రావచ్చు. అప్పుడు చాలామంది నంబరింగ్ తీసేసి ‘4.’ అని చేత్తో కొడతారు. ఆ క్షణం నుంచి పత్రంలో రెండు రకాల అంకెలు కలిసిపోతాయి. తర్వాత 2వ ప్రశ్న తీసేస్తే పైన ఉన్నవి సర్దుకుంటాయి, కిందవి కదలవు. సరైన పద్ధతి వేరు. కొత్తగా వచ్చిన 1 మీద కుడి క్లిక్ చేసి ‘కంటిన్యూ నంబరింగ్’ ఎంచుకోవాలి. వరుస ఏ అంకెతో మొదలవ్వాలో చెప్పాలంటే అదే మెనూలో ‘సెట్ నంబరింగ్ వాల్యూ’ ఉంది. అంశంలోనే కింది పంక్తికి దిగాలంటే ఎంటర్ బదులు షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి. పేరా తెగదు, అంకె పుట్టదు.

వరుస తప్పిన ఇండెంట్లు. వర్డ్‌లో బుల్లెట్ బటన్ నొక్కితే మామూలుగా చుక్క పావు అంగుళం దగ్గర, మాట అర అంగుళం దగ్గర నిలుస్తాయి. రెండో పంక్తి కూడా మాట కిందికే వస్తుంది. స్పేస్ బార్ నొక్కుతూ చేత్తో సర్దినప్పుడో, రూలర్ మీది గుర్తులను ఒక్కో పేరాకు విడిగా జరిపినప్పుడో ఈ పొందిక చెడుతుంది. అంకె మీద కుడి క్లిక్ చేసి ‘ఎడ్జస్ట్ లిస్ట్ ఇండెంట్స్’లో కొలతలు మారిస్తే ఆ స్థాయిలోని అంశాలన్నీ కలిసి కదులుతాయి. 9 వరకు చక్కగా ఉన్న వరుస 10 దగ్గరో 100 దగ్గరో, రోమన్ అంకెల్లో 8 దగ్గరో కుడివైపు గెంతడం ఇంకో రకం. అంకె వెడల్పు దానికి కేటాయించిన చోటును మించడం వల్ల, వెనకున్న ట్యాబ్ తర్వాతి ఆగుచోటికి దూకుతుంది. మాట మొదలయ్యే కొలతను పెంచాలి. అంకెల ఒకట్ల స్థానాలు ఒకదాని కింద ఒకటి రావాలంటే అంకెను కుడివైపుకు సర్దే ఎంపికను వాడాలి.

అడగకుండా వచ్చే జాబితాలు. పంక్తి మొదట్లో ‘1.’ కొట్టి స్పేస్ నొక్కితే వర్డ్ దాన్ని జాబితాగా మార్చేస్తుంది. నక్షత్రం గుర్తు, స్పేస్ నొక్కితే బుల్లెట్ అవుతుంది. ఆ మార్పు అక్కర్లేదనుకుంటే వెంటనే కంట్రోల్, జెడ్ నొక్కాలి. అప్పుడు టైపు చేసింది మిగులుతుంది, జాబితా మాత్రం పోతుంది. శాశ్వతంగా ఆపాలంటే ఆప్షన్స్‌లోని ప్రూఫింగ్‌కు వెళ్లి, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో ‘ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్’ కింద బుల్లెట్, నంబరింగ్ జాబితాల ఎదుట ఉన్న టిక్కులు తీసేయాలి.

జంట అంకెలు. వాట్సాప్ సందేశాల నుంచీ వెబ్ పేజీల నుంచీ తెచ్చి అతికించిన వాక్యాల్లో అంకెలు మామూలు అక్షరాలుగా వచ్చి ఉండవచ్చు. వాటిమీద నంబరింగ్ బటన్ నొక్కితే ఒక్కోసారి ‘1. 1.’ అని రెండేసి అంకెలు కనిపిస్తాయి. వర్డ్‌లో ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని మౌస్‌ను కిందికి లాగితే పంక్తులతో పని లేకుండా నిలువు పట్టీ ఎంచుకోవచ్చు. అలా పాత అంకెల పట్టీ ఒక్కటే తీసి, ఆ తర్వాత నంబరింగ్ ఇవ్వడం మేలు.

చుక్క బదులు గడి. వర్డ్ బుల్లెట్లలో కొన్ని సింబల్, వింగ్‌డింగ్స్ ఫాంట్ల నుంచి వస్తాయి. వాటి అక్షరసంఖ్యలు యూనికోడ్ ప్రైవేటు వాడకానికి వదిలిన భాగంలో ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ సంఖ్యకు అర్థం ఉండదు కాబట్టి ఖాళీ గడి కనిపిస్తుంది. ‘డిఫైన్ న్యూ బుల్లెట్’లోకి వెళ్లి మామూలు ఫాంట్‌లోని బుల్లెట్ గుర్తును ఎంచుకుంటే ఎక్కడ తెరిచినా చుక్కే కనిపిస్తుంది.

శీర్షికల ముందు నల్ల గడులు. బహుళస్థాయి నంబరింగ్ ఉన్న పెద్ద పత్రాల్లో శీర్షిక అంకె స్థానంలో నల్లటి దిమ్మె ప్రత్యక్షమవుతుంది. ఆ స్థాయి అంకెకు ఇచ్చిన అక్షరరూపం పాడవడమే కారణం. శీర్షిక మొదటి అక్షరం ముందు కర్సర్ పెట్టి, నల్ల దిమ్మె బూడిద రంగుకు మారేదాకా ఎడమ బాణం నొక్కాలి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి, తెరుచుకున్న పెట్టెలో ‘రీఅప్లై’ ఎంచుకోవాలి. ఒక్కో స్థాయికి ఒకసారి చేస్తే సరిపోతుంది.

ఏదీ పనిచేయనప్పుడు చెదిరిన భాగాన్ని ఎంచుకుని కంట్రోల్, క్యూ నొక్కితే పేరాకు విడిగా చేసిన మార్పులన్నీ పోయి స్టైల్‌లో ఉన్నదే మిగులుతుంది. కంట్రోల్, స్పేస్ అక్షరాలకు ఇదే పని చేస్తుంది. శుభ్రమైన ఆ స్థితి నుంచి జాబితాను కొత్తగా ఇవ్వడం, పాత అతుకులకు కొత్త అతుకులు వేయడం కన్నా త్వరగా తెములుతుంది.

తెలుగు పత్రాల్లో ప్రత్యేక సమస్యలు

తెలుగులో టైపు చేసేవారికి పై దోషాలతోపాటు మరికొన్ని ఎదురవుతాయి. మొదటిది అంకె చిన్నదిగా, మాట పెద్దదిగా కనిపించడం. వర్డ్ ఒకే అక్షరశైలిలో ఇంగ్లిష్ వంటి లిపులకు ఒక ఫాంటు, సైజు, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు వేరే ఫాంటు, సైజు దాచుకుంటుంది. 1, 2, 3 అంకెలు మొదటి కోవలోకి, వాటి పక్కన ఉన్న తెలుగు మాటలు రెండో కోవలోకి వస్తాయి. తెలుగు మాటను మాత్రమే ఎంచుకుని 16 పాయింట్లు చేస్తే అంకె 11 దగ్గరే ఉండిపోవచ్చు. దీనికి విరుగుడు స్టైల్‌లోనే రెండు కోవలకూ తగిన సైజులివ్వడం. ఫాంట్ పెట్టెలో ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అనే భాగం ఉండేది ఇందుకే. లిబ్రేఆఫీస్‌లోనూ పాశ్చాత్య లిపులకు, సంక్లిష్ట లిపులకు విడివిడి ఎంపికలున్నాయి. తెలుగు మాటలను నిర్మలా యూఐలోనో గౌతమిలోనో పెట్టి అంకెలను వేరే ఫాంట్‌కు వదిలేస్తే సైజు ఒకటే అయినా చూపుకు తేడా తెలుస్తుంది. రెండు కోవలకూ ఒకే ఫాంట్ ఇవ్వడం ఉత్తమం.

రెండోది ఒత్తులు తెగడం. పంక్తుల మధ్య దూరాన్ని ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి పెడితే ఇంగ్లిష్‌కు సరిపోయే కొలత తెలుగుకు చాలదు. ‘వస్త్రం’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో కింద వేలాడే ఒత్తులు సగానికి కోసుకుపోతాయి. బుల్లెట్ వేరే ఫాంట్‌ది కావడంతో జాబితా పంక్తులు ఎడంగా ఉన్నాయని ఈ బిగింపు పెట్టేవారున్నారు. దానికన్నా బుల్లెట్ ఫాంట్‌ను మార్చడమో, ‘ఎట్ లీస్ట్’ అన్న ఎంపిక వాడటమో మంచిది. అంశాల మధ్య ఖాళీ తగ్గించాలంటే ఒకే స్టైల్ పేరాల మధ్య ఖాళీ వద్దనే టిక్కు ఉంది.

మూడోది అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్ల వారసత్వం. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడిన ఈ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను చూపిస్తాయి. పేరా గుర్తుకు ఆ ఫాంట్ అంటుకుని ఉంటే, ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో క్రమం ఇచ్చిన జాబితా అర్థంలేని తెలుగు ముక్కలతో వస్తుంది. పేరా గుర్తుకు, లేదా జాబితా నిర్వచనంలో ఆ స్థాయికి, మామూలు ఇంగ్లిష్ ఫాంట్ ఇస్తే అక్షరాలు తిరిగి వస్తాయి.

నాలుగోది అ, ఆ, ఇ, ఈ లేదా క, ఖ, గ, ఘ క్రమం. డాక్స్ ప్రమాణంలోని అంకెల రకాల్లో హిందీ అచ్చులు, హల్లులు, అంకెలు, థాయ్ అక్షరాలు ఉన్నాయి. తెలుగు లేదు. వెబ్ పేజీల అమరిక భాష సీఎస్‌ఎస్‌లో మాత్రం ౧, ౨, ౩ అంకెల క్రమానికి ‘తెలుగు’ అనే పేరుతో ఒక రకం ఉంది. కోట్లమంది చదివే భాష అక్షరక్రమం పత్రాల ప్రమాణంలో చేరాల్సిన అవసరం ఉంది. అంతవరకు తెలుగు అక్షరాల జాబితాను చేత్తోనే టైపు చేయాలి. అందుకు వేలాడే ఇండెంట్, ఒక ట్యాబ్ ఉన్న ప్రత్యేక స్టైల్ చేసుకుంటే అంశాలు ఒక వరుసలో నిలుస్తాయి. ఉపప్రశ్నలు, మార్కులు పక్కపక్కనే రావాల్సిన చోట గీతలు లేని పట్టిక ఇంకా నమ్మకంగా నిలుస్తుంది.

ఇతర ప్రోగ్రాములు, ఫైళ్ల బదిలీ

లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఎఫ్12 అంకెల జాబితాను, షిఫ్ట్, ఎఫ్12 చుక్కల జాబితాను ఇస్తాయి. కంట్రోల్, ఎం నొక్కితే విడి మార్పులు తొలగుతాయి. జాబితాలకు ప్రత్యేక స్టైళ్లు ఉండటం దీని బలం. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, 7 అంకెలకు, కంట్రోల్, షిఫ్ట్, 8 చుక్కలకు. బయటి నుంచి తెచ్చిన వాక్యాలను కంట్రోల్, షిఫ్ట్, వి తో అతికిస్తే అమరిక లేకుండా మాటలే వస్తాయి.

వర్డ్ పత్రాన్ని పుస్తకంగా కూర్చేందుకు ఇన్‌డిజైన్‌లోకి తెచ్చేటప్పుడు, బుల్లెట్లను, అంకెలను అక్షరాలుగా మార్చే ఎంపిక కనిపిస్తుంది. కూర్పు పూర్తయ్యాక అంకెలు ఇక మారకూడదనుకుంటే అది ఉపయోగం. ఇంకా దిద్దుబాట్లు మిగిలి ఉంటే ఆ పని చివరిదాకా వాయిదా వేయాలి. అక్షరంగా మారిన అంకెకు ఇక లెక్క తెలియదు.

అసలైన జాబితాకూ చేత్తో కొట్టిన జాబితాకూ తేడా చూపులేని పాఠకులకు బాగా తెలుస్తుంది. అసలైన జాబితాను ట్యాగులున్న పీడీఎఫ్‌గా భద్రపరిస్తే ప్రతి అంశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఫైలులో నమోదవుతుంది. తెరను చదివి వినిపించే ప్రోగ్రామ్ ఆ నిర్మాణాన్ని ఆధారం చేసుకుంటుంది. హైఫన్లు, స్పేసులతో పేర్చిన జాబితాలో ఆ ఆధారం ఉండదు.

నివారణ

చిన్న ఉత్తరానికి బటన్ చాలు. పదుల పేజీల పత్రానికి స్టైల్ కావాలి. వర్డ్‌లో బహుళస్థాయి జాబితాను ‘డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్’లో ఒక్కసారి నిర్వచించి, ఒక్కో స్థాయిని ఒక్కో శీర్షిక స్టైల్‌కు ముడిపెడితే, 1, 1.1, 1.1.1 వంటి అంకెలు స్టైల్‌తో పాటే వస్తాయి. కొలత మార్చాలన్నా, అంకెల తీరు మార్చాలన్నా నిర్వచనంలో ఒకచోట మారిస్తే పత్రమంతా మారుతుంది. వేర్వేరు పత్రాల నుంచి అమరికతో సహా అతికించిన ప్రతిసారీ వాటి నంబరింగ్ నిర్వచనాలు కూడా వెంట వచ్చి పేరుకుంటాయి. మాటలను మాత్రమే అతికించి స్టైల్ ఇక్కడ ఇవ్వడం అందుకే మేలు.

అంకెను సరిచేసినంత మాత్రాన దాన్ని ప్రస్తావించే వాక్యం సరికాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వుల్లో పైభాగాన పూర్వపు ఉత్తర్వులు, లేఖలు వరుస సంఖ్యలతో ఉంటాయి. కింది పేరాల్లో ‘పైన చదివిన 2వ ఉత్తర్వు’ అని వాటిని ప్రస్తావిస్తారు. చిత్తుప్రతి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడిచే క్రమంలో పై జాబితాలో ఒక లేఖ చేరితే, కింద టైపు చేసిన ‘2’ ఇప్పుడు వేరే కాగితాన్ని చూపిస్తుంది. ఆ 2ను టైపు చేయకుండా ‘క్రాస్ రిఫరెన్స్’ ద్వారా నంబరింగ్ అంశానికి ముడివేస్తే, పత్రమంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కగానే అది 3 అవుతుంది.

పత్రం పంపేముందు దాన్ని పరీక్షించడానికి ఒక నిమిషం చాలు. పొడవైన జాబితాలో రెండో అంశం చివర ఎంటర్ నొక్కి ఒక ఉత్త అంశం చేర్చాలి. పత్రమంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కి చివరిదాకా చూడాలి. కింది అంకెలన్నీ ఒకటి చొప్పున పెరిగి, వాటిని ప్రస్తావించిన వాక్యాలు కూడా వెంట కదిలితే జాబితా ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎక్కడ ఒక అంకె కదలకుండా నిలిచిపోయిందో అక్కడ ఎవరో దాన్ని చేత్తో కొట్టారు. దిద్దాల్సిన చోటు అదే. దిద్దాక కంట్రోల్, జెడ్‌తో ఉత్త అంశాన్ని మాత్రం తీసేయబోతే దిద్దుబాట్లు కూడా పోతాయి. దాన్ని ఎంచుకుని డిలీట్ చేసి, మరోసారి ఎఫ్9 నొక్కి, అప్పుడు పంపాలి.